ఇరవై జట్లు, 380 ఆటలు, ఒక పట్టిక

మీ బడిలో ఆటల పోటీలు పెట్టారనుకోండి. మొత్తం ఆరు జట్లు. డ్రిల్లు మాస్టారు మిమ్మల్ని పిలిచి, "ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఒక్కొక్కసారి ఆడాలి. రోజుకు మూడు ఆటల చొప్పున అయిదు రోజుల్లో ముగించాలి. రేపటికల్లా పట్టిక రాసుకురా" అన్నారు. "ఓస్, ఇంతేనా!" అంటూ మీరు కాగితం, పెన్సిలు తీసుకున్నారు. జట్లకు 1 నుంచి 6 దాకా అంకెలు వేసి ఇలా రాశారు:

మొదటి రోజు: 1-2, 3-4, 5-6
రెండో రోజు: 1-4, 3-6, 5-2
మూడో రోజు: 1-6, 3-2, 5-4

ఎక్కడా తప్పు లేదు. ఏ జంటా రెండుసార్లు రాలేదు. ఇక నాలుగో రోజు రాయండి చూద్దాం. ఒకటో జట్టు 2, 4, 6లతో ఆడేసింది. దానికి మిగిలినవి 3, 5. పోనీ 1-3 అని రాశారు. అయిదో జట్టుకు మిగిలినవి 1, 3 మాత్రమే. ఆ రెండూ ఒకదానితో ఒకటి ఆడుకుంటున్నాయి. పాపం, అయిదో జట్టు ఖాళీ! అటు 2, 4, 6ల పరిస్థితీ ఇంతే. పట్టిక ఇరుక్కుపోయింది. మొదటి మూడు రోజులూ ఏ తప్పూ చేయకుండానే నాలుగో రోజుకు గోతిలో పడ్డారన్నమాట.

ఆరు జట్లకే ఇంత చిక్కు ఉంటే, ఇరవై జట్లకు ఎంత ఉండాలి? ఇంగ్లండులో ప్రీమియర్ లీగు అనే ఫుట్‌బాల్ పోటీలకు ఏటా ఇలాంటి పట్టిక తయారుచేస్తారు. దాన్ని వాళ్లు ఫిక్స్చర్ల జాబితా అంటారు. మామూలుగా జూన్ నెలలో అది వెలువడుతుంది. దానికోసం లక్షలమంది ఎదురుచూస్తారు. వెలువడిన మరుక్షణం నుంచే "మా జట్టుకు అన్యాయం జరిగింది" అనే గొడవ మొదలవుతుంది. ఎవరూ వేలెత్తి చూపలేని పట్టికను తయారుచేయడం అసలు సాధ్యమేనా? ఈ ప్రశ్నకు గణితం ఖచ్చితమైన సమాధానమే చెబుతుంది. అదేమిటో చివరకు మీరే కనిపెడతారు.

పట్టిక కోసమే పుట్టిన లీగు

ముందు కొంచెం చరిత్ర. 1885లో ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు జీతం ఇవ్వడానికి అనుమతి దొరికింది. జీతాలు ఇవ్వాలంటే క్లబ్బులకు డబ్బు కావాలి. డబ్బు వచ్చేది ఆట చూడటానికి వచ్చేవారి టిక్కెట్ల మీదే. కాని ఆ రోజుల్లో ఆటల తేదీలకు భరోసా ఉండేది కాదు. స్నేహపూర్వక పోటీకి వస్తామన్న జట్టు ఆఖరు నిమిషంలో రాకుండా పోయేది. కప్పు పోటీల్లో ఒక్కసారి ఓడితే ఇంటికే. అలా అనుకున్న ఆటలు ఆగిపోతే శనివారం మైదానం ఖాళీ, గల్లాపెట్టె కూడా ఖాళీ.

బర్మింగ్‌హామ్‌లో బట్టల దుకాణం నడిపే విలియమ్ మెక్‌గ్రెగర్ అనే ఆయన ఏస్టన్ విల్లా క్లబ్బు నిర్వాహకులలో ఒకరు. ఆయనకు ఒక ఉపాయం తట్టింది. కొన్ని క్లబ్బులు ఒక కూటమిగా ఏర్పడి, ఎవరు ఎవరితో ఆడాలో ముందే నిర్ణయించుకుని, ఆ మాటకు కట్టుబడి ఉంటే సరిపోతుంది కదా! 1888 మార్చిలో ఆయన ఈ సంగతి కొన్ని క్లబ్బులకు ఉత్తరం రాశాడు. ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. ఆ ఏడాది సెప్టెంబరు 8న 12 జట్లతో ఆటలు మొదలయ్యాయి. ప్రతి జట్టూ 22 ఆటలు ఆడింది. ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే జట్టు వాటిలో 18 గెలిచి, 4 సమం చేసి, ఒక్కటి కూడా ఓడకుండా మొదటి విజేత అయింది.

లీగు అంటే గొప్ప జట్ల గుంపు అని మనం అనుకుంటాం. నిజానికి అది నమ్మదగిన తేదీల పట్టిక కోసం పుట్టిన సంస్థ.

ఎన్ని ఆటలు?

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ప్రీమియర్ లీగు 1992లో 22 జట్లతో ప్రారంభమయింది. 1995 నుంచి 20 జట్లు ఆడుతున్నాయి. ప్రతి జట్టూ మిగిలిన 19 జట్లతోనూ రెండేసి సార్లు ఆడాలి. ఒకసారి తన మైదానంలో, ఒకసారి ఎదుటివారి మైదానంలో. అంటే ఒక్కో జట్టుకు 38 ఆటలు. 20 జట్లకు 20 × 38 = 760 అనుకుంటున్నారా? ఆగండి! ఒక ఆటలో రెండు జట్లు ఉంటాయి. ప్రతి ఆటనూ మనం రెండుసార్లు లెక్కపెట్టాం. అందుచేత 760ని రెండుతో భాగించాలి. మొత్తం 380 ఆటలు. ఒక విడతకు 10 ఆటల చొప్పున 38 విడతలు.

దీని కింద మరి మూడు డివిజన్లు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో 24 జట్లు. అక్కడ డివిజనుకు ఎన్ని ఆటలో మీరే లెక్కకట్టండి. 24 × 46 ÷ 2 = 552 వచ్చిందా? మూడు డివిజన్లకు 1656. ప్రీమియర్ లీగుతో కలిపితే 2036 ఆటలు. ఈ 92 జట్లలో చాలావాటికి పక్క ఊళ్లోనో, అదే ఊళ్లోనో మరో జట్టు ఉంటుంది. అందుకని నాలుగు డివిజన్ల పట్టికలనూ ఒకదాన్నొకటి చూసుకుంటూ తయారుచేయాలి.

అన్ని రకాలుగానూ రాసి చూసి, మంచిదాన్ని ఎంచుకోవచ్చు కదా అంటారా? ఒక్క విడత సంగతే చూడండి. 20 జట్లను పది జంటలుగా విడదీయాలి. మొదటి జట్టుకు జోడీని 19 రకాలుగా ఎంచుకోవచ్చు. మిగిలిన 18లో మొదటిదానికి 17 రకాలు. తరవాత 15, ఆ తరవాత 13... ఇలా 19 × 17 × 15 × 13 × 11 × 9 × 7 × 5 × 3 × 1 చేస్తే 65,47,29,075 వస్తుంది. ఒకే ఒక విడతకు అరవై అయిదు కోట్ల పైచిలుకు పద్ధతులు! ఇక 38 విడతలకూ అన్నీ రాసి చూడటం ఏ కంప్యూటరు వల్లా కాదు. కంప్యూటరుకు కూడా తెలివైన దారి చూపించాలి.

తిరగలి పద్ధతి

ఆ దారి చాలా సులువైనది. మాస్టారు అడిగిన ఆరు జట్లనే తీసుకుందాం. వాటిని రెండు వరసలుగా రాయండి:

1 2 3
6 5 4

పై అంకె, దాని కింది అంకె ఒక జంట. అంటే మొదటి రోజు 1-6, 2-5, 3-4. ఇప్పుడు ఒకటో జట్టును తిరగలి మేకులా కదలకుండా ఉంచండి. మిగిలిన అయిదు అంకెలనూ గడియారం ముల్లు తిరిగే దిక్కులో ఒక్కొక్క స్థానం జరపండి. కింది వరసలో మొదట ఉన్న 6 పైకి ఎక్కుతుంది, పై వరస చివర ఉన్న 3 కిందికి దిగుతుంది.

1 6 2
5 4 3

రెండో రోజు 1-5, 6-4, 2-3. ఇలాగే తిప్పుతూ పోండి. మూడో రోజు 1-4, 5-3, 6-2. నాలుగో రోజు 1-3, 4-2, 5-6. అయిదో రోజు 1-2, 3-6, 4-5. మరొక్కసారి తిప్పితే మొదటికే వస్తుంది. మొత్తం 15 ఆటలు. ఏ జంటా రెండుసార్లు రాలేదు, ఏ జంటా తప్పిపోలేదు. కావాలంటే సరిచూసుకోండి. ఇరవై జట్లయినా ఇదే పద్ధతి: ఒకటి మేకు, పంతొమ్మిది తిరుగుతాయి.

అయిదు జట్లే ఉంటే? ఆరో అంకెకు బదులు "సెలవు" అని రాసుకోండి. దానితో జత పడిన జట్టుకు ఆ రోజు విశ్రాంతి.

ఇంట గెలిచి...

ఎవరితో ఎవరు అన్నది తేలింది. అసలు తగాదా ఇక్కడే మొదలవుతుంది. ఆట ఎవరి మైదానంలో?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడమే సులువని వాళ్లకు తెలుసు. ఫుట్‌బాల్ లెక్కలు కూడా ఆ మాటే చెబుతాయి. 2018-19 సీజన్‌లోని 380 ఆటలలో సొంత మైదానం జట్లు 181 గెలిచాయి. వచ్చిన జట్లు 128 గెలిచాయి. 71 సమం అయ్యాయి. ఇంత తేడా ఎందుకు? అలవాటయిన మైదానం, ప్రయాణం బడలిక లేకపోవడం, చుట్టూ కేకలు వేసి ఉత్సాహపరిచే జనం... ఇలా అనేక కారణాలు చెబుతారు. వీటిలో దేని పాలు ఎంతో ఎలా తెలుస్తుంది? కావాలని జనాన్ని ఆపేసి ప్రయోగం చేయలేం కదా.

కోవిడ్ కాలంలో ఆ ప్రయోగం దానంతటదే జరిగింది. 2020-21 సీజన్‌లో దాదాపు అన్ని ఆటలూ ఖాళీ మైదానాలలోనే ఆడారు. అప్పుడు సొంత మైదానం జట్లు గెలిచినవి 144, వచ్చిన జట్లు గెలిచినవి 153, సమం అయినవి 83! మైదానాలు అవే, ప్రయాణాలూ అవే. జనం మాత్రం లేరు. ఒక్క సీజన్ లెక్కతో అంతా రుజువైపోయిందని అనకూడదు గాని, ఇంటి బలంలో జనం పాలు తక్కువేమీ కాదని అర్థమవుతుంది.

కాబట్టి సొంత మైదానంలో ఆడే ఆటను "ఇంట" అనీ, పరాయి మైదానంలో ఆడేదాన్ని "రచ్చ" అనీ అందాం. ఒక జట్టుకు వరసగా మూడు నాలుగు రచ్చ ఆటలు పడితే, అది వెనకబడి నిరుత్సాహపడే ప్రమాదం ఉంది. టిక్కెట్ల డబ్బు కూడా అన్నాళ్లు రాదు. అన్నిటికన్నా న్యాయమైన పద్ధతి ఏమిటి? ఒక వారం ఇంట, ఒక వారం రచ్చ, మళ్లీ ఇంట, మళ్లీ రచ్చ. ప్రతి జట్టుకూ ఇలా పడితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

మరి అలా ఎందుకు చేయరు?

నాలుగు వాక్యాల రుజువు

ఎందుకంటే అది ఎవరి వల్లా కాదు. ఇది చేతకానితనం కాదు, గణిత సత్యం. రుజువు నాలుగు వాక్యాలే.

ఒకటి: ఇంట, రచ్చ తప్పకుండా మార్చి మార్చి ఆడటానికి రెండే క్రమాలు ఉన్నాయి - ఇంటతో మొదలయ్యేది, రచ్చతో మొదలయ్యేది.

రెండు: ఒకే క్రమం ఉన్న రెండు జట్లు ఎప్పుడూ ఒకేసారి ఇంట ఉంటాయి, ఒకేసారి రచ్చకు పోతాయి.

మూడు: అలాంటి రెండు జట్లు ఒకదానితో ఒకటి ఎన్నటికీ ఆడలేవు, ఎందుకంటే ప్రతి ఆటకూ ఒకరు ఇంట, ఒకరు రచ్చ ఉండాలి.

నాలుగు: ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడి తీరాలి కాబట్టి, ఒక్కొక్క క్రమం ఒక్క జట్టుకే ఇవ్వగలం.

ఇద్దరు చుట్టాలు ఎప్పుడూ తమ తమ ఇళ్లలోనే కూర్చుని, ఎప్పుడూ ఒకే రోజున ఊళ్లు తిరగడానికి పోతే, ఒకరి ఇంట ఒకరు భోజనం చేసేది ఎప్పుడు? ఇదీ అంతే.

అంటే ఇరవై జట్లలో లోపం లేని క్రమం రెండింటికే దొరుకుతుంది. మిగిలిన 18 జట్లకూ ఎక్కడో ఒకచోట వరసగా రెండు ఇంట గాని, వరసగా రెండు రచ్చ గాని పడక తప్పదు. దాన్ని "తెంపు" అందాం. జట్లు ఎన్నయినా సరే (సరి సంఖ్యలో ఉంటే), కనీసం ఆ సంఖ్యకు రెండు తక్కువ తెంపులు ఉండి తీరతాయి. మన ఆరు జట్లకు కనీసం నాలుగు. సరిగ్గా నాలుగింటితో సరిపెట్టగలమా? ఇదుగో, తిరగలి పట్టికే. ప్రతి జంటలోనూ ముందున్నది ఇంట ఆడే జట్టు:

మొదటి రోజు: 1-6, 2-5, 4-3
రెండో రోజు: 5-1, 6-4, 3-2
మూడో రోజు: 1-4, 5-3, 2-6
నాలుగో రోజు: 3-1, 4-2, 6-5
అయిదో రోజు: 1-2, 3-6, 5-4

దీనినుంచి ఒక్కొక్క జట్టు క్రమాన్ని విడదీద్దాం. ఇ అంటే ఇంట, ర అంటే రచ్చ.

1: ఇ ర ఇ ర ఇ
2: ఇ ర ఇ ర ర
3: ర ఇ ర ఇ ఇ
4: ఇ ర ర ఇ ర
5: ర ఇ ఇ ర ఇ
6: ర ఇ ర ఇ ర

ఒకటో జట్టుకూ ఆరో జట్టుకూ తెంపు లేదు. మిగిలిన నాలుగింటికీ ఒక్కొక్కటే. ఇంతకంటే మంచి పట్టికను ప్రపంచంలో ఎవరూ రాయలేరు. ఆ సంగతి మీరు ఇప్పుడు ధైర్యంగా చెప్పగలరు, ఎందుకంటే రుజువు మీ చేతిలో ఉంది.

ఇరుగుపొరుగు జట్లు

ఆ క్రమాలను మరోసారి పరికించి చూడండి. రెండో జట్టు ఇంట ఉన్నప్పుడల్లా మూడోది రచ్చలో ఉంది. నాలుగు, అయిదు కూడా అంతే. ఒకటి, ఆరు కూడా అంతే. అద్దంలో కుడి ఎడమలు మారినట్టు, ప్రతి క్రమానికీ దాని తలకిందుల క్రమం ఒకటి ఉంది. ఇది వేడుకకు చెప్పేది కాదు, ఎంతో ఉపయోగం ఉన్న సంగతి.

లివర్‌పూల్ నగరంలో లివర్‌పూల్, ఎవర్టన్ అని రెండు జట్లు ఉన్నాయి. ఎవర్టన్ 2025లో నది ఒడ్డున కొత్త మైదానానికి మారింది గాని, అంతకుముందు నూరేళ్లకు పైగా ఆ రెండు మైదానాల మధ్యా ఉన్నది ఒక పార్కు మాత్రమే. రెండు జట్లూ ఒకే మధ్యాహ్నం ఇంట ఆడితే ఆ బస్సులు, రైళ్లు, వీధులు, పోలీసులు ఏమైపోతారు? అందుకని అలాంటి జట్లకు తలకిందుల క్రమాల జంట ఇస్తారు. ఒకరు ఇంట ఉంటే రెండోవారు రచ్చలో ఉంటారు. అలా ఏ జట్టుతో జతపరచాలో, ఏ తేదీల్లో తమ ఊళ్లో ఆట వద్దో క్లబ్బులను, పోలీసులను ముందే అడిగి తెలుసుకుంటారు. లండన్ సంగతి మరీ చిక్కు. 2023-24 సీజన్‌లో ఇరవై జట్లలో ఏడు ఆ ఒక్క నగరానివే!

నిబంధనలు ఇంకా ఉన్నాయి. వరసగా ఏ అయిదు ఆటలు తీసుకున్నా మూడు ఇంట రెండు రచ్చ, లేదా రెండు ఇంట మూడు రచ్చ ఉండేలా చూస్తారు. సీజన్ మొదట్లోను, చివరలోను ఏ జట్టుకూ వరసగా రెండు ఇంట గాని రెండు రచ్చ గాని పడకూడదంటారు. మన చిన్న పట్టికలో 2, 3 జట్లకు చివర తెంపు పడింది కదా, ప్రీమియర్ లీగు దాన్ని ఒప్పుకోదన్నమాట. క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26న, ఇంగ్లండులో చాలా రైళ్లు నడవవు. ఆ రోజున అభిమానులకు వీలైనంత దగ్గర ప్రయాణాలు పడేలా చూస్తారు. అసలే బోర్న్‌మత్ నుంచి న్యూకాసిల్‌కు దాదాపు 550 కిలోమీటర్లు!

ఇన్ని కోరికలూ ఒకేసారి తీరవు. ఒకటి సరిచేస్తే మరొకటి చెడుతుంది. కంప్యూటరు ఇచ్చిన పట్టికను మనుషులు కూర్చుని మళ్లీ పరిశీలించి, సవరించి, అప్పుడు ప్రకటిస్తారు.

ఆగస్టు నుంచి మే దాకా

ఇక తేదీలు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ చలికాలపు ఆట. వేసవి అంతా క్రికెట్‌ది. షెఫీల్డు నగరంలోని బ్రామల్ లేన్ మైదానంలో 1973 దాకా వేసవిలో క్రికెట్టు, చలికాలంలో ఫుట్‌బాలు ఆడేవారు. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఆట మొదలయ్యే ఆచారానికీ ఒక కారణం ఉంది. 1850లో వచ్చిన చట్టం ప్రకారం బట్టల మిల్లులలో స్త్రీలకు, పిల్లలకు శనివారం 2 గంటలకు పని ముగిసేది. క్రమంగా శనివారం సగంపూట సెలవు తక్కిన కార్మికులకూ వ్యాపించింది. పని ముగించుకుని మైదానానికి నడిచి వస్తే 3 అయ్యేది.

అయితే చలికాలంలో అక్కడ పగలు చాలా చిన్నది. డిసెంబరు చివర హైదరాబాదులో సాయంత్రం 5.45 దాకా సూర్యుడు ఉంటే, లండన్‌లో 4 గంటలకు ముందే అస్తమిస్తాడు. పూర్వం చలికాలంలో ఆటను ముందుగానే మొదలుపెట్టవలసి వచ్చేది. వారం మధ్యలో సాయంత్రం ఆట అనే మాటే లేదు. 1956 ఫిబ్రవరి 22న పోర్ట్స్‌మత్, న్యూకాసిల్ జట్ల మధ్య మొదటిసారిగా లీగు ఆట విద్యుద్దీపాల వెలుగులో జరిగింది. దీపాలు వచ్చాక పట్టిక రాసేవారికి మంగళవారం, బుధవారం రాత్రులు కూడా చేతికి వచ్చాయి.

ఆ రాత్రులు ఎంత అవసరమో చూడండి. 2025-26 సీజన్‌లో తొలి శనివారం 2025 ఆగస్టు 16. ఆఖరి ఆటలకు నిర్ణయించిన రోజు 2026 మే 24, ఆదివారం. ఈ మధ్యలో 41 వారాంతాలు ఉన్నాయి. వాటిలో లీగుకు కేటాయించినవి 33 మాత్రమే. మిగిలినవి దేశాల మధ్య పోటీలకు, ఎఫ్.ఏ. కప్పుకు పోయాయి. 38 నుంచి 33 తీసివేస్తే మిగిలే 5 విడతలను వారం మధ్యలో సర్దారు.

ఇంకొక సంగతి. టీవీలో ఈ ఆటలు చూసే మీ అన్నయ్యలను అడగండి. శనివారం మధ్యాహ్నం 3 గంటల ఆట మనకు ఆగస్టులో రాత్రి 7.30కి, డిసెంబరులో 8.30కి మొదలవుతుంది. ఇంగ్లండులో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పి, మార్చి చివరి ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. మన గడియారం ఏడాదంతా కదలదు కాబట్టి తేడా మనకు కనిపిస్తుంది.

మంచు రాసిన పట్టిక

ఎంత చక్కగా రాసినా, పట్టికను ప్రకృతి ఒక్క రాత్రిలో చెరిపేయగలదు. 1962 డిసెంబరు చివర ఇంగ్లండును పట్టుకున్న మంచు 1963 మార్చి దాకా వదలలేదు. నేల రాయిలా గడ్డకట్టింది. జనవరి 5న మొదలైన ఎఫ్.ఏ. కప్పు మూడో విడత, మామూలుగా కొద్ది రోజుల్లో ముగియవలసింది, మార్చి 11న గాని పూర్తి కాలేదు. 2020లో మార్చి 13న కోవిడ్ కారణంగా లీగు ఆగిపోయింది. అప్పటికి 92 ఆటలు మిగిలి ఉన్నాయి. జూన్ 17న మళ్లీ మొదలై జూలై 26న ముగిసింది. 2022లో కతార్‌లో ప్రపంచ కప్పు నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టడంతో, లీగును నవంబరు మధ్యలో ఆపి డిసెంబరు 26న తిరిగి మొదలుపెట్టారు.

అన్నిటికన్నా గుర్తుంచుకోదగినది 1947. ఆ చలికాలం కూడా భయంకరమైనదే. వాయిదా పడిన ఆటల వల్ల సీజన్ జూన్‌లోకి జరిగింది. లివర్‌పూల్ తన చివరి ఆటను మే 31న గెలిచి, అగ్రస్థానంలో కూర్చుంది. కాని స్టోక్ జట్టుకు ఇంకా ఒక ఆట మిగిలి ఉంది. అది గెలిస్తే విజేత స్టోక్. ఆ ఆట జూన్ 14న! లివర్‌పూల్ ఆటగాళ్లు రెండు వారాలు ఏమీ చేయలేక ఎదురుచూశారు. చివరకు స్టోక్ షెఫీల్డు యునైటెడ్ చేతిలో 2-1తో ఓడిపోయింది. లివర్‌పూల్ విజేత అయింది.

ఇందులో అన్యాయం ఎక్కడుందో గమనించారా? పోటీలో ఉన్న రెండు జట్లలో ఒకదానికి రెండోదాని ఫలితం ముందే తెలుసు. పరీక్షలో ఒకరి జవాబు పత్రం చూసిన తరవాత రెండోవారు రాసినట్టన్నమాట. అందుకే ఇప్పుడు ప్రీమియర్ లీగు చివరి రోజున పది ఆటలనూ ఒకే నిమిషానికి మొదలుపెడతారు. 2012 మే 13న దాని ఫలితం ప్రపంచమంతా చూసింది. మాంచెస్టర్ యునైటెడ్ తన ఆట గెలిచి నిలబడి ఉంది. అదే సమయంలో మరో మైదానంలో మాంచెస్టర్ సిటీ అదనపు నిమిషాలలో రెండు గోల్స్ కొట్టి 3-2తో గెలిచింది. రెండు జట్లకూ 89 పాయింట్లే. గోల్స్ తేడా మీద సిటీ విజేత అయింది.

మరి న్యాయం అంటే?

మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరూ వేలెత్తి చూపలేని పట్టిక సాధ్యమేనా? సాధ్యం కాదు. ఇరవైలో పద్దెనిమిది జట్లకు ఏదో ఒక తెంపు తప్పదని మీరే చూశారు. అలాగని పట్టిక రాసేవారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లోపం తప్పనప్పుడు అది ఒకరి నెత్తినే పడకుండా అందరికీ కొంచెం కొంచెం పంచడం, ఎక్కడ తక్కువ బాధిస్తుందో అక్కడ దాన్ని ఉంచడం - వాళ్లు చేసే పని అదే. ఏది అసాధ్యమో గణితం ముందే చెప్పేసింది కాబట్టి, సాధ్యమైనదాని మీద వాళ్లు శ్రద్ధ పెట్టగలుగుతున్నారు.

ఇప్పుడు మీ వంతు. ఎనిమిది జట్లకు తిరగలి పద్ధతిలో ఏడు రోజుల పట్టిక రాయండి. తరవాత ఇంట, రచ్చ గుర్తులు వేయండి. ఒక చిట్కా: మొదటి నిలువు జంటలో ఒకటో జట్టుకు రోజు విడిచి రోజు ఇంట ఇవ్వండి. రెండో నిలువు జంటలో ఎప్పుడూ పై జట్టుకు, మూడోదానిలో కింది జట్టుకు, నాలుగోదానిలో మళ్లీ పై జట్టుకు ఇంట ఇవ్వండి. తెంపులు లెక్కపెట్టండి. ఆరు వస్తే మీ పట్టికను మించిన పట్టిక లేదు. అయిదు వచ్చాయంటే మాత్రం సంతోషించకండి - ఎక్కడో లెక్క తప్పింది!